గుండె బలహీనపడితే నడక మానాలా?

గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిన పెద్దవారు ఇంటికి తిరిగి వచ్చిన రోజు నుండి చాలా కుటుంబాలలో ఒక అలిఖిత నియమం అమలులోకి వస్తుంది. మంచం కిటికీ పక్కకు జరుగుతుంది. మంచినీళ్ల సీసా, మాత్రల డబ్బా, తస్బీహ్, ఫోను చేతికందే దూరంలోకి చేరతాయి. "అబ్బా, మీరు లేవకండి, నేను తెచ్చిస్తాను" అంటాడు కొడుకు. "అమ్మీ, మీరు వంటింట్లోకి రావద్దు" అంటుంది కోడలు. ఇందులో ప్రేమ తప్ప మరొకటి లేదు. అయితే రెండు మూడు నెలలు గడిచేసరికి ఆ పెద్దమనిషి స్నానాల గదికి వెళ్లాలన్నా ఒకరి భుజం ఆసరా కావలసి వస్తుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ "గుండె మరింత దెబ్బతిన్నది" అనుకుంటారు. చాలా సందర్భాలలో గుండె కన్నా ముందుగా దెబ్బతిన్నవి కాళ్లు. వాటిని దెబ్బతీసింది వ్యాధి ఒక్కటే కాదు, మంచం కూడా.

గుండె వైఫల్యం ఉన్న వృద్ధులకు వ్యాయామం మేలు చేస్తుందా, ప్రమాదమా? చేస్తే ఎంత చేయాలి, ఎలా చేయాలి, ఎప్పుడు ఆపాలి? ఈ నెల ఈ శీర్షికలో ఆ విషయాలను పరిశీలిద్దాం.

గుండె వైఫల్యం అంటే ఏమిటి?

"హార్ట్ ఫెయిల్యూర్" అన్న మాట వినగానే గుండె ఆగిపోయిందనో, నేడో రేపో ఆగిపోతుందనో చాలామంది భయపడతారు. ఆ భయానికి మూలం పేరులోనే ఉంది. గుండె వైఫల్యం అంటే గుండె ఆగిపోవడం కాదు. శరీరానికి కావలసినంత రక్తాన్ని అందించడంలో గుండె వెనుకబడటం, లేదా లోపలి పీడనం బాగా పెరిగితే తప్ప ఆ పని చేయలేకపోవడం. గుండెపోటు వేరు. రక్తనాళం మూసుకుపోయి గుండె కండరంలో కొంత భాగం హఠాత్తుగా దెబ్బతినడం గుండెపోటు. అలా దెబ్బతిన్న గుండె కాలక్రమంలో బలహీనపడి వైఫల్యానికి దారితీయవచ్చు. చాలా ఏళ్ల అధిక రక్తపోటు, మధుమేహం, కవాటాల జబ్బులు, కొన్ని వైరస్ వ్యాధులు కూడా ఇందుకు కారణమవుతాయి.

గుండె వెనుకబడినప్పుడు ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసం వస్తుంది. పాదాలు, చీలమండలు వాస్తాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండు మూడు దిండ్లు పెట్టుకోవలసి వస్తుంది. వీటన్నిటికీ తోడు అంతులేని అలసట ఉంటుంది.

ఎకో పరీక్ష కాగితం మీద "ఈఎఫ్" అని ఒక అంకె ఉంటుంది. గుండె ఎడమ జఠరిక ఒక్కొక్క స్పందనలో తనలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటకు పంపుతుందో ఆ అంకె చెబుతుంది. అది 30 అని చూసి, గుండెలో 70 శాతం పోయిందని కుమిలిపోయేవారు ఉన్నారు. ఇది పొరపాటు. ఆరోగ్యవంతుని గుండె కూడా నూటికి నూరు పంపదు. సాధారణంగా 55 నుండి 70 వరకు పంపుతుంది. 40 లేదా అంతకన్నా తగ్గితే గుండె పిండే శక్తి తగ్గిన రకం వైఫల్యం అంటారు. 50 లేదా అంతకు మించి ఉండి కూడా లక్షణాలు ఉంటే, గుండె గోడలు బిగుసుకుపోయి సరిగా సడలలేని రకం అయి ఉండవచ్చు. ఈ రెండవ రకం వయసు మళ్లిన స్త్రీలలో, అధిక రక్తపోటు, స్థూలకాయం, మధుమేహం ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. "ఎకో బాగానే ఉంది, ఆయాసం వయసు వల్లే" అని వీరి బాధను తేలికగా కొట్టిపారేయడం కూడా ఎక్కువే.

మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కన్నా ముందుగానే పలకరిస్తుంది. 2013లో తిరువనంతపురంలో గుండె వైఫల్యంతో ఆసుపత్రులలో చేరిన 1205 మంది వివరాలను నమోదు చేసినప్పుడు వారి సగటు వయసు సుమారు 61 సంవత్సరాలుగా తేలింది. కుటుంబ బాధ్యతలు ఇంకా తీరని వయసు అది. ఆ మనిషి మిగిలిన ఏళ్లు మంచం మీద గడుపుతాడా, కాళ్ల మీద నిలబడి గడుపుతాడా అన్నది ఇంటిల్లిపాదికీ సంబంధించిన ప్రశ్న.

విశ్రాంతి అనే పాత మందు

గుండె జబ్బుకు మంచమే మందు అన్న నమ్మకం మన ఇళ్లలో పుట్టింది కాదు. ఇరవయ్యో శతాబ్దపు మధ్య వరకు వైద్యులు కూడా అదే చెప్పేవారు. గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి కదలనివ్వకుండా పడుకోబెట్టేవారు. 1952లో అమెరికాలోని బోస్టన్‌లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే వైద్యులు తమ రోగులను మంచం మీద నుండి లేపి వాలుకుర్చీలో కూర్చోబెట్టే పద్ధతిని ప్రకటించారు. కేవలం కుర్చీలో కూర్చోబెట్టడమే ఆనాడు సాహసం అనిపించుకుంది. కానీ అలా కూర్చున్నవారు త్వరగా కోలుకున్నారు.

పడుకోవడం వల్ల శరీరానికి ఏమవుతుందో 1966లో డల్లాస్ నగరంలో జరిగిన ఒక చిన్న ప్రయోగం కళ్లకు కట్టింది. 20 ఏళ్ల వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలు పూర్తిగా మంచానికి పరిమితం చేశారు. వారి శ్రమశక్తి నాలుగవ వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తరువాత, 50 ఏళ్ల వయసులో, అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయసు భారం తగ్గించిన శక్తి కన్నా నాటి మూడు వారాల మంచం తగ్గించిన శక్తే ఎక్కువని తేలింది. అంతేకాదు, ఆరు నెలల క్రమబద్ధమైన వ్యాయామంతో ఆ యాభై ఏళ్లవారు ముప్పై ఏళ్లలో కోల్పోయిన శక్తిని తిరిగి పొందగలిగారు.

యువకుల సంగతి అది. మరి వృద్ధుల మాట? 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, సగటున 67 ఏళ్ల వయసున్న పన్నెండుమంది ఆరోగ్యవంతులు పది రోజులు మంచం మీదే ఉన్నారు. ఆ పది రోజులలోనే వారి కాళ్ల నుండి సుమారు ఒక కిలో కండ కరిగిపోయింది. వారికి ఏ జబ్బూ లేదు. గుండె వైఫల్యం, మధుమేహం, అర్ధాకలి, ఆసుపత్రి మంచం నాలుగూ కలిసిన మనిషి పరిస్థితి ఏమిటో మనమే ఊహించుకోవచ్చు.

ఆయాసానికి గుండె ఒక్కటే కారణం కాదు

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయాన్ని గ్రహించాలి. ఈఎఫ్ 25 ఉన్నవారిలో కొందరు చురుకుగా నడవగలుగుతారు. 55 ఉన్నవారిలో కొందరు నాలుగు మెట్లు ఎక్కగానే రొప్పుతారు. గుండె పిండే శక్తికీ మనిషి నడవగలిగే దూరానికీ మధ్య మనం అనుకున్నంత దగ్గరి సంబంధం లేదు.

కారణం కండరాలలో ఉంది. గుండె పంపిన రక్తం నుండి ఆమ్లజనిని తీసుకుని శక్తిగా మార్చుకునేవి కాళ్ల కండరాలు. గుండె వైఫల్యంలో ఈ కండరాలు పలుచబడతాయి. వాటిలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే సూక్ష్మ భాగాలు తగ్గుతాయి. రక్తనాళాలు అవసరానికి తగినట్లు విచ్చుకునే గుణాన్ని కోల్పోతాయి. ఊపిరి పీల్చడానికి తోడ్పడే కండరాలు కూడా నీరసిస్తాయి. ఇలా నీరసించిన కండరం కొద్దిపాటి పనికే అలసి, "ఊపిరి చాలడం లేదు" అని మెదడుకు సంకేతం పంపుతుంది. దానితో ఆయాసం పెరుగుతుంది. ఆయాసానికి భయపడి మనిషి కదలడం మానేస్తాడు. కదలక కండరం మరింత నీరసిస్తుంది. మరుసటి నెల అంతకన్నా చిన్న పనికే ఆయాసం వస్తుంది. ఇది గానుగెద్దు నడక వంటిది, తిరిగిన కొద్దీ అక్కడికే చేరుస్తుంది.

వ్యాయామం ఈ వలయాన్ని తెంచుతుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1988లో, గుండె తీవ్రంగా బలహీనపడిన కొద్దిమంది రోగులకు కొన్ని నెలల పాటు వ్యాయామం చేయించి పరిశీలించారు. వారి శ్రమశక్తి గణనీయంగా పెరిగింది. ఆ లాభంలో అధిక భాగం గుండె నుండి కాక కాళ్ల కండరాలు ఆమ్లజనిని మరింత సమర్థంగా వినియోగించుకోవడం నుండి వచ్చింది. గుండె బలహీనంగానే ఉండవచ్చు. కానీ అది పంపిన ప్రతి చుక్కనూ సద్వినియోగం చేసుకునే శరీరాన్ని మనం తయారుచేసుకోవచ్చు.

పెద్ద పరిశోధనలు ఏం చెప్పాయి?

కొద్దిమంది మీద జరిగిన ప్రయోగాన్ని బట్టి వైద్యం మారదు. అందుకే "హెచ్‌ఎఫ్-యాక్షన్" పేరుతో అమెరికా, కెనడా, ఫ్రాన్స్ దేశాలలో 2331 మంది రోగులతో ఒక పెద్ద పరిశోధన జరిగింది. వీరందరి ఈఎఫ్ 35 లేదా అంతకు లోపే. సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగానికి దానితోపాటు క్రమబద్ధమైన వ్యాయామం. మొదట 36 విడతలు ఆసుపత్రి పర్యవేక్షణలో, తరువాత ఇంటి దగ్గర. 2009లో వెలువడిన ఫలితాలు మూడు సంగతులు చెప్పాయి. మొదటిది, వ్యాయామం సురక్షితం. అంత బలహీనమైన గుండెలున్నవారిలో కూడా దానివల్ల హాని పెరగలేదు. రెండవది, మరణాలను, ఆసుపత్రిలో చేరడాన్ని కలిపి లెక్కిస్తే మేలు స్వల్పమే. రోగుల మధ్య తేడాలను సవరించి చూసినప్పుడే అది స్పష్టపడింది. మూడవది, వ్యాయామం చేసినవారు తమ దైనందిన జీవితం మెరుగైందని చెప్పారు. చాలామంది నిర్దేశించినంత వ్యాయామాన్ని కొనసాగించలేకపోయారన్నది కూడా గమనించదగ్గ విషయం.

అయితే ఆ పరిశోధనలో పాల్గొన్నవారిలో సగం మంది 59 ఏళ్ల లోపువారే. వృద్ధుల సంగతి ప్రత్యేకంగా తెలుసుకోవడానికి "రీహ్యాబ్-హెచ్‌ఎఫ్" అనే పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2021లో వెలువడ్డాయి. గుండె వైఫల్యం ముదిరి ఆసుపత్రిలో చేరిన 349 మంది ఇందులో పాల్గొన్నారు. వారి సగటు వయసు సుమారు 73. దాదాపు అందరూ శారీరకంగా కృశించినవారు, లేదా ఆ దారిలో ఉన్నవారు. ఒక్కొక్కరికీ సగటున ఐదు ఇతర జబ్బులున్నాయి. మన ఇళ్లలోని పెద్దలు వీరి వంటివారే.

ఈ పరిశోధకులు వారిని నేరుగా నడకయంత్రం ఎక్కించలేదు. నిలబడలేని మనిషిని నడిపిస్తే పడిపోతాడు. అందుకే బలం, నిలకడ, కదలిక, ఓర్పు అనే నాలుగింటి మీద దృష్టి పెట్టారు. కుర్చీలో నుండి లేవడం, పడిపోకుండా నిలబడటం, దిక్కు మార్చి నడవడం వంటివి ముందుగా నేర్పి, ఓర్పును క్రమంగా పెంచారు. వీలైతే ఆసుపత్రిలో ఉండగానే మొదలుపెట్టి, ఇంటికి వెళ్లాక వారానికి మూడు రోజుల చొప్పున పన్నెండు వారాలు సాగించారు. మూడు నెలల తరువాత నిలకడ, నడక వేగం, కుర్చీ నుండి లేవడం ఈ మూడింటినీ కలిపి 12 మార్కులకు పరీక్షిస్తే, వ్యాయామం చేసినవారికి 8.3, చేయనివారికి 6.9 వచ్చాయి. అంకెలలో చిన్నదిగా కనిపించే ఈ తేడా జీవితంలో చిన్నది కాదు. ఒంటరిగా స్నానాల గదికి వెళ్లగలగడానికీ వెళ్లలేకపోవడానికీ ఉన్న తేడా అది.

అయితే ఆరు నెలలలో మళ్లీ ఆసుపత్రిలో చేరడం ఈ వ్యాయామం వల్ల చెప్పుకోదగినంతగా తగ్గలేదు. మరణాలు కూడా తగ్గలేదు. కాబట్టి వ్యాయామం ఆయుష్షును పెంచుతుందని ఇక్కడ వాగ్దానం చేయలేం. ఉన్న రోజులను మనిషి ఎవరి మీదా ఆధారపడకుండా గడిపేలా చేస్తుందని మాత్రం ధైర్యంగా చెప్పగలం. అదేమీ తక్కువ వరం కాదు.

గుండె గోడలు బిగుసుకుపోయిన రెండవ రకం రోగుల మీద 2016లో మరో పరిశోధన వెలువడింది. స్థూలకాయం ఉన్న వంద మంది వృద్ధులు 20 వారాలు పాల్గొన్నారు. నడక వ్యాయామం వల్ల, మితాహారం వల్ల విడివిడిగానూ శ్రమశక్తి పెరిగింది. రెండూ కలిసినప్పుడు మరింత పెరిగింది. అయితే గుండె వైఫల్యం ఉన్నవారు బరువు తగ్గడానికి వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి. కొవ్వుతోపాటు కండ కూడా కరిగితే మేలు కన్నా కీడే ఎక్కువ.

మొదలుపెట్టే ముందు

వ్యాయామం కూడా మందు వంటిదే. మోతాదు, సమయం, జాగ్రత్తలు దానికీ ఉంటాయి. ముందుగా గుండె వైద్యుని కలిసి, "వీరు ఎంత నడవవచ్చు? ఎప్పటి నుండి నడవవచ్చు?" అని సూటిగా అడగాలి. అవసరమైతే ఆయన ఆరు నిమిషాల నడక పరీక్ష చేయిస్తారు. ఆరు నిమిషాలలో మనిషి ఎన్ని మీటర్లు నడవగలడో కొలిచే సులభమైన పరీక్ష ఇది. కొన్ని నెలల తరువాత మళ్లీ చేస్తే మెరుగుదల కూడా తెలుస్తుంది. ప్రత్యేక పునరావాస కేంద్రం అందుబాటులో లేనివారు ఆసుపత్రిలోని ఫిజియోథెరపిస్టు దగ్గర రెండు మూడు సార్లయినా నేర్చుకుని ఇంటి దగ్గర కొనసాగించవచ్చు.

కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆయాసం వచ్చేవారు, పాదాల వాపు పెరుగుతున్నవారు, ఛాతీనొప్పి ఉన్నవారు, ఇటీవల స్పృహ తప్పినవారు, గుండె లయ అదుపులో లేనివారు, బృహద్ధమని కవాటం బాగా ఇరుకైనవారు, జ్వరంతో ఉన్నవారు తమంతట తాము వ్యాయామం మొదలుపెట్టరాదు. ముందు చికిత్సతో పరిస్థితి కుదుటపడాలి. ఛాతీలో ఐసీడీ యంత్రం అమర్చినవారు గుండె వేగం ఎంతకు మించకూడదో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

ఎంత నడవాలి? ఎలా నడవాలి?

తొలి వారం ఐదు నిమిషాలు చాలు. అది కూడా ఒకేసారి సాగకపోతే, రెండు నిమిషాలు నడిచి, ఒక నిమిషం కుర్చీలో కూర్చుని, మళ్లీ రెండు నిమిషాలు నడవవచ్చు. రోజుకు రెండు మూడు సార్లు ఇలా చేయాలి. రెండు మూడు రోజులకు ఒకటి రెండు నిమిషాల చొప్పున పెంచుతూ పోతే, కొన్ని వారాలలో వారంలో ఎక్కువ రోజులు అరగంట నడిచే స్థితికి చేరుకోవచ్చు. ముందు సమయాన్ని పెంచాలి, వేగాన్ని తరువాత. నడక మొదట్లో ఐదు నిమిషాలు, చివర ఐదు నిమిషాలు నెమ్మదిగా నడవాలి. హఠాత్తుగా ఆగితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు.

ఈ వ్యాధికి ఇచ్చే కొన్ని మందులు నాడి వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. కాబట్టి నాడిని బట్టి శ్రమను అంచనా వేయడం కుదరదు. అందుకు మాటే మంచి కొలబద్ద. నడుస్తూ పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే శ్రమ తగినంతగా ఉన్నట్టు. మాట మాటకూ ఊపిరి తీసుకోవలసి వస్తే వేగం తగ్గించాలి. వ్యాయామం తరువాత కలిగిన అలసట గంటలోపు తీరిపోవాలి. మరునాటి వరకు సాగితే నిన్న మోతాదు మించినట్టే.

భోజనం చేసిన వెంటనే నడవకూడదు, కనీసం గంటైనా ఆగాలి. మన ప్రాంతపు వేసవిలో ఎండ ఎక్కకముందే నడక ముగించాలి. నీటిని బయటకు పంపే మాత్రలు వాడేవారికి ఎండదెబ్బ మరింత ప్రమాదకరం. చలికాలంలో ఫజ్ర్ కాగానే బయలుదేరక, కాస్త ఎండ పొడచూపేవరకు ఆగడం మంచిది. మధుమేహం ఉన్నవారు జేబులో కొంచెం చక్కెర ఉంచుకోవాలి. చెప్పులు పాదాలకు సరిపోయి, వెనుక పట్టీ ఉన్నవై ఉండాలి.

బయటకు వెళ్లడం వీలుకాని స్త్రీలు తమకు నడక లేదని దిగులు పడనక్కరలేదు. వరండా, డాబా, ఇంటి నడవా చాలు. ఇరవై అడుగుల నడవాలో అటూ ఇటూ యాభై సార్లు నడిస్తే రెండు వేల అడుగుల దూరం అవుతుంది, అంటే ఆరు వందల మీటర్లు.

బలం, నిలకడ

నడక ఒక్కటే చాలదు. వారానికి రెండు మూడు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామాలు కూడా చేయాలి. వీటికి ఖర్చు లేదు.

గోడకు ఆనించిన, కదలని కుర్చీలో కూర్చుని, వీలైనంత వరకు చేతుల సాయం లేకుండా లేచి నిలబడి మళ్లీ నెమ్మదిగా కూర్చోవాలి. తొలిరోజు ఐదు సార్లు చాలు. క్రమంగా పది వరకు పెంచాలి. వంటింటి గట్టును పట్టుకుని మునివేళ్ల మీద పైకి లేచి దిగాలి. గోడకు చేతులానించి ముందుకు వంగి వెనక్కి తోయాలి. అర లీటరు నీళ్ల సీసాను చేత పట్టుకుని మోచేతిని మడిచి చాపాలి. నిలకడ కోసం, గట్టు పట్టుకునే ఒక పాదం ముందు మరొక పాదం ఉంచి పది అంకెలు లెక్కపెట్టాలి. పక్కన ఒకరు ఉండటం క్షేమం.

ఏది చేసినా ఊపిరి బిగపట్టరాదు. బిగపట్టి బరువెత్తితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. పైకి లెక్కపెడుతూ చేస్తే ఊపిరి తనంతట తానే ఆడుతుంది.

ఎప్పుడు ఆపాలి?

ఛాతీలో నొప్పి లేదా బిగుతు, అలవాటుకు మించిన ఆయాసం, కళ్లు తిరగడం, గుండె దడదడలాడటం, చల్లని చెమటలు కనిపిస్తే వెంటనే ఆపి కూర్చోవాలి. కొద్ది నిమిషాల విశ్రాంతితో తగ్గకపోయినా, స్పృహ తప్పినా 108కి ఫోను చేయాలి.

ప్రతి ఉదయం మూత్ర విసర్జన అయ్యాక, అల్పాహారానికి ముందు బరువు చూసి ఒక పుస్తకంలో రాసుకోవాలి. మూడు రోజులలో రెండు కిలోలకు మించి పెరిగితే అది ఒంటికి పట్టిన తిండి కాదు, ఒంట్లో చేరిన నీరు. ఆ రోజు వ్యాయామం మాని వైద్యునికి తెలపాలి.

నమాజు, ఉపవాసాల విషయంలో

రోజుకు ఐదు పూటలా నిలబడటం, వంగటం, కూర్చోవడం, లేవడం అలవాటున్న మనిషి కీళ్లూ కండరాలూ కదులుతూనే ఉంటాయి. మస్జిద్ దగ్గరలో ఉండి, వైద్యుడు అనుమతిస్తే, ఆ రాకపోకలే మంచి నడక. అయితే ఒక సంగతి గమనించాలి. ముందుకు వంగిన అర నిమిషంలోపే ఆయాసం రావడం గుండెలో పీడనం పెరిగిందనడానికి ఒక లక్షణం. ఇన్నాళ్లూ సజ్దా సులభంగా చేసిన మనిషికి ఇప్పుడు రుకూలో, సజ్దాలో ఊపిరాడకపోతే, అది వయసు ప్రభావమని సరిపెట్టుకోక వైద్యునికి చెప్పాలి. రక్తపోటు తగ్గించే మందులు వాడేవారు సజ్దా నుండి ఒక్కసారిగా లేస్తే తూలిపడే ప్రమాదం ఉంది. నిలబడలేని రోగికి కూర్చుని నమాజు చేసే వెసులుబాటు ఉన్నది ఇటువంటి పరిస్థితుల కోసమే. కుర్చీని ఉపయోగించడానికి సంకోచించనక్కరలేదు.

రమజాను ఉపవాసాల విషయం నెల ముందుగానే వైద్యునితో మాట్లాడాలి. నీటి మాత్రలు వాడుతూ, పగలంతా నీరు తాగకుండా ఉండటం అందరికీ క్షేమం కాదు. వ్యాధి తీవ్రంగా ఉన్నవారిని సాధారణంగా ఉపవాసం ఉండవద్దనే చెబుతారు. వైద్యుడు అనుమతించినవారు కూడా ఇఫ్తార్‌కు ముందు, శరీరం ఎండిపోయి ఉన్న వేళ వ్యాయామం చేయరాదు. ఇఫ్తార్ అయిన గంట తరువాత నెమ్మదైన నడక మేలు. మందుల వేళలను ఎవరికి వారు మార్చుకోరాదు.

ఉప్పు, నొప్పి మాత్రలు

నడక వల్ల పొందిన లాభాన్ని రెండు వస్తువులు తుడిచిపెట్టగలవు. ఒకటి ఉప్పు. రోజు మొత్తం మీద ఒక చెంచాకు, అంటే ఐదు గ్రాములకు మించకూడదు. కూరలో తగ్గించి, పక్కన ఆవకాయ, అప్పడం, ఎండుచేప, ఉప్పు బిస్కెట్లు పెట్టుకుంటే తగ్గించినట్టు కాదు. దావతులలోని నిహారీ, హలీంలలో ఉప్పు ఎంత పడిందో తినేవారికి తెలియదు. రుచికి రెండు చెంచాలతో ఆపడం మంచిది.

రెండవది మోకాళ్ల నొప్పికి వాడే మాత్రలు. నడక మొదలుపెట్టగానే మోకాళ్లు నొప్పి పుట్టడం, మందుల దుకాణంలో ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు కొని వేసుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. ఈ మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవచేసి, గుండె వైఫల్యాన్ని తిరగబెట్టగలవు. మూత్రపిండాలకూ హాని చేయగలవు. నొప్పి ఉంటే వైద్యుని అడిగి తగిన మందు తీసుకోవాలే గాని, సొంత వైద్యం తగదు.

ఇంటివారి కర్తవ్యం

పెద్దలకు సేవ చేయడం పిల్లలకు గౌరవం. అయితే వారు చేసుకోగలిగిన పనిని కూడా వారి చేతి నుండి లాక్కోవడం సేవ కాదు. నీళ్ల సీసాను మంచం పక్కన కాక పది అడుగుల దూరంలో బల్ల మీద పెట్టండి. మధ్యలో కాళ్లకు అడ్డుపడే తివాచీ అంచులు, విద్యుత్ తీగలు తీసివేయండి. స్నానాల గది గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. మెంతికూర ఒలవడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం వంటి పనులు వారికే వదలండి. మనవడినో మనవరాలినో తోడిచ్చి సాయంత్రం నడవాలో నడిపించండి. ఎవరూ తోడు రాని నడక నాలుగు రోజులకే ఆగిపోతుంది. తోడున్న నడక సంవత్సరాల పాటు సాగుతుంది.

ఒక్క నోటుపుస్తకం కొని, ఎడమవైపు ఉదయపు బరువు, కుడివైపు నడిచిన నిమిషాలు రాయడం రేపటి నుండే ప్రారంభించండి. తరువాతిసారి వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు మందుల చీటీతోపాటు ఆ పుస్తకాన్ని కూడా తీసుకువెళ్లండి. మోతాదు పెంచాలో తగ్గించాలో ఆయనకు ఆ రెండు వరుసలే చెబుతాయి.